వీసా రూల్స్ టైట్.. బిజినెస్ ట్రిప్‌లకు బ్రేకులు! కంపెనీలకు, ఎకానమీకి ఎంత దెబ్బ?

ఆర్డర్ చేతికొచ్చే టైమ్. అవతలి కంపెనీ మీటింగ్ డేట్ ఇచ్చేసింది. ఫ్లైట్ టికెట్లు కూడా దొరుకుతున్నాయి. కానీ వీసా ఇంటర్వ్యూ స్లాట్ మాత్రం దొరకడం లేదు. విదేశాలతో వ్యాపారం చేసే చాలా కంపెనీలకు ఎదురవుతున్న సమస్య ఇదే. అమెరికా 2025లో వరుసగా రూల్స్ మార్చింది. యూరప్ బోర్డర్‌లో కొత్త సిస్టమ్ తెచ్చింది. ఈ మార్పులన్నీ బయటకు ఫీజుల పెంపులా, పేపర్ వర్క్‌లా కనిపిస్తాయి. అసలు నష్టం మాత్రం ఫీజులో లేదు. ఎప్పుడు వెళ్లగలరో, వెళ్లాక ఏ పని చేయొచ్చో తెలియకపోవడమే కంపెనీలను ఎక్కువగా దెబ్బ తీస్తోంది. అదెలాగో ఈ స్టోరీలో..

బిజినెస్ వీసా వేరు.. వర్క్ వీసా వేరు

ముందుగా ఈ తేడా తెలియాలి. అమెరికాలో ఉద్యోగం చేయడానికి ఇచ్చేది హెచ్‌-1బి లాంటి వర్క్ వీసా. కొన్ని రోజుల పని మీద వెళ్లి వచ్చేవాళ్లకు ఇచ్చేది బి-1. టూరిస్టులకు ఇచ్చేది బి-2. ఇండియాలో ఈ రెండింటినీ కలిపి బి1/బి2 పేరుతో సాధారణంగా 10 ఏళ్లకు ఇస్తుంటారు.

బి-1 మీద మీటింగులకు వెళ్లొచ్చు. కాంట్రాక్టు మాట్లాడుకోవచ్చు, కాన్ఫరెన్స్‌లో పాల్గొనొచ్చు. అమ్మిన మెషిన్‌ను ఒప్పందం ప్రకారం బిగించి, అక్కడి వాళ్లకు ట్రైనింగ్ ఇవ్వొచ్చు. కానీ అమెరికా కంపెనీ నుంచి జీతం తీసుకోకూడదు. అక్కడి ఉద్యోగి చేయాల్సిన రోజువారీ పని చేయకూడదు.

చదవడానికి సింపుల్‌గానే ఉంటుంది. కానీ మీటింగ్ ఎక్కడ ముగుస్తుంది, పని ఎక్కడ మొదలవుతుంది అనే గీత చాలా సన్నగా ఉంటుంది. వివాదాలన్నీ ఆ గీత దగ్గరే మొదలవుతాయి.

2025లో అమెరికా ఏమేం మార్చింది?

ఫీజు: బి1/బి2 వీసా దరఖాస్తు ఫీజు 2023 జూన్‌ నుంచి 185 డాలర్లు. అంటే సుమారు 16 వేల రూపాయలు. దీనికి అదనంగా కనీసం 250 డాలర్ల 'వీసా ఇంటెగ్రిటీ ఫీజు' వసూలు చేసేలా 2025 జులై 4న సంతకమైన చట్టంలో నిబంధన పెట్టారు. రూల్స్ పాటించి టైమ్‌కి వెనక్కి వచ్చినవాళ్లకు ఆ డబ్బు తిరిగి ఇచ్చే వెసులుబాటు కూడా అదే చట్టంలో ఉంది.

బాండ్: 2025 ఆగస్టు 20 నుంచి కొన్ని దేశాల బి1/బి2 దరఖాస్తుదారులకు 5 వేల నుంచి 15 వేల డాలర్ల వరకు పూచీకత్తు కట్టించే పైలట్ ప్రోగ్రామ్ మొదలైంది. మొదట ఈ లిస్టులో పెట్టింది ఆఫ్రికా దేశాలైన మలావి, జాంబియాలను.

ఇంటర్వ్యూ: కరోనా తర్వాత పాత వీసా ముగిసి 48 నెలలు దాటనివాళ్లకు ఇంటర్వ్యూ లేకుండానే రెన్యూవల్ చేసేవాళ్లు. 2025 ఫిబ్రవరిలో దాన్ని 12 నెలలకు తగ్గించారు. సెప్టెంబర్ 2 నుంచి చాలా కేటగిరీల్లో ఈ మినహాయింపునే ఎత్తేశారు. బి1/బి2 రెన్యూవల్‌కు మాత్రం కొన్ని షరతులతో 12 నెలల మినహాయింపు మిగిలింది.

వేరే దేశంలో ఇంటర్వ్యూ: ఇండియాలో స్లాట్ దొరక్కపోతే బ్యాంకాక్ లాంటి చోట్లకు వెళ్లి వీసా తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. 2025 సెప్టెంబర్ 6 నుంచి ఆ దారి దాదాపు మూసుకుపోయింది. సొంత దేశంలో గానీ, నివాసం ఉంటున్న దేశంలో గానీ అప్లై చేసుకోవాలని అమెరికా చెప్పింది.

ఎస్టా: జపాన్, దక్షిణ కొరియా, యూరప్ దేశాల వాళ్లు వీసా లేకుండా ఆన్‌లైన్ అనుమతితో అమెరికా వెళ్తారు. దాని ఫీజును 2025 సెప్టెంబర్ 30 నుంచి 21 డాలర్ల నుంచి 40 డాలర్లకు పెంచారు. ఇండియన్ పాస్‌పోర్ట్‌కు ఈ సౌకర్యం లేదు.

హెచ్‌-1బి: కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల చెల్లింపు పెడుతూ 2025 సెప్టెంబర్ 19న ట్రంప్ ప్రకటన జారీ చేశారు. ఇది వర్క్ వీసాకు సంబంధించింది. కానీ ఉద్యోగులను పంపడం కష్టమైనప్పుడు కంపెనీలు చిన్న చిన్న బిజినెస్ ట్రిప్‌లతో పని నడపాలని చూస్తాయి. అందుకే ఒక వీసా బిగిస్తే ఆ ఒత్తిడి పక్క వీసా మీద పడుతుంది.

హైదరాబాద్‌లో స్లాట్ల కథ

వెయిటింగ్ అంటే ఏంటో తెలుగు రాష్ట్రాల వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఒడిశా వాళ్లకు నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేటే దిక్కు. 2022 చివర్లో ఇండియాలో బి1/బి2 ఇంటర్వ్యూ కోసం ఎదురుచూపు దాదాపు వెయ్యి రోజులకు చేరింది. అంటే రెండున్నరేళ్లకు పైనే.

ఆ తర్వాత సిబ్బందిని పెంచారు. 2023లో ఇండియాలో రికార్డు స్థాయిలో 14 లక్షల వీసాలను ప్రాసెస్ చేశామని, సగటు వెయిటింగ్‌ను వెయ్యి రోజుల నుంచి 250 రోజులకు తెచ్చామని అమెరికా ఎంబసీ ప్రకటించింది.

కానీ 250 రోజులన్నా వ్యాపారంలో తక్కువేం కాదు. మార్చిలో ఎగ్జిబిషన్ ఉందంటే అంతకు ముందు ఏడాది జూన్‌లోనే వీసాకు అప్లై చేయాలి. అప్పటికి ఆ ఎగ్జిబిషన్‌కు ఎవరు వెళ్లాలో కూడా కంపెనీ తేల్చుకుని ఉండదు. ఇంటర్వ్యూ తప్పనిసరి చేసే ప్రతి కొత్త రూల్ ఆ క్యూలోకి మరికొంతమందిని చేరుస్తుంది. ఆఫీసర్ల సంఖ్య అదే, రోజుకు ఇచ్చే స్లాట్లు అవే. క్యూ మాత్రం పెరుగుతుంది.

జార్జియాలో ఏం జరిగింది?

రూల్స్ స్పష్టంగా లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి 2025లో జరిగిన ఒక్క సంఘటన చాలు. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, ఎల్లాబెల్ దగ్గర హ్యుందాయ్, ఎల్‌జీ ఎనర్జీ సొల్యూషన్ కలిసి ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీ ఫ్యాక్టరీ కడుతున్నాయి. సెప్టెంబర్ 4న ఇమిగ్రేషన్ అధికారులు ఆ సైట్‌పై దాడి చేశారు. 475 మందిని అదుపులోకి తీసుకున్నారు. వాళ్లలో 300 మందికి పైగా దక్షిణ కొరియా వాళ్లే.

వీళ్లలో చాలామంది ఎస్టా మీదో, బి-1 మీదో వెళ్లినవాళ్లు. మెషిన్లు బిగించడం, లైన్ సెట్ చేయడం వాళ్ల పని. ఇది బిజినెస్ విజిట్ కిందకు వస్తుందని కంపెనీల వాదన. కాదు, అక్రమంగా ఉద్యోగం చేస్తున్నారన్నది అధికారుల మాట. చేతులకు, కాళ్లకు సంకెళ్లు వేసి తీసుకెళ్తున్న వీడియో కొరియాలో పెద్ద దుమారమే రేపింది. సెప్టెంబర్ 12న 300 మందికి పైగా ప్రత్యేక విమానంలో ఇంటికి చేరారు.

ఇక్కడ అసలు విషయం ఏంటంటే.. ఆ ఫ్యాక్టరీని పిలిచింది అమెరికానే. పెట్టుబడి పెట్టండి, ఉద్యోగాలు ఇవ్వండి అని అడిగింది అమెరికానే. పెట్టుబడి వచ్చింది. మెషిన్లు వచ్చాయి. వాటిని బిగించే మనుషులు మాత్రం లోపలికి రావడానికి సరైన వీసా దారి లేకుండా పోయింది.

ఫలితం వెంటనే కనిపించింది. ఫ్యాక్టరీ పనులు కనీసం రెండు, మూడు నెలలు ఆలస్యమవుతాయని హ్యుందాయ్ సీఈఓ హోసే మునోజ్ చెప్పారు. ఎల్‌జీ ఎనర్జీ సొల్యూషన్ అమెరికాకు చాలా బిజినెస్ ట్రిప్‌లను ఆపేసింది. ఇలాగైతే కొరియా కంపెనీలు అమెరికాలో పెట్టుబడికి వెనకాడతాయని ఆ దేశ అధ్యక్షుడు లీ జే-మ్యుంగ్ అన్నారు. చివరకు ట్రంప్ కూడా విదేశీ పెట్టుబడులను భయపెట్టాలన్నది తమ ఉద్దేశం కాదని చెప్పాల్సి వచ్చింది.

సెప్టెంబర్ 30న రెండు దేశాల అధికారులు వాషింగ్టన్‌లో కూర్చున్నారు. పెట్టుబడుల్లో భాగంగా కొన్న పరికరాలను బిగించడానికి, సర్వీస్ చేయడానికి, రిపేర్ చేయడానికి బి-1 వీసా మీద రావొచ్చని అమెరికా స్పష్టం చేసింది. ఎస్టా మీద వచ్చినవాళ్లకూ అదే వర్తిస్తుందని చెప్పింది. అంటే కొత్త చట్టం ఏదీ రాలేదు. ఉన్న రూల్‌నే విడమరిచి చెప్పారు. ఆ మాట ముందే చెప్పి ఉంటే గొడవ చాలావరకు తప్పేది.

ఇండియన్ కంపెనీలకూ తప్పలేదు

బిజినెస్ వీసా గీత దాటారన్న ఆరోపణ కొరియా వాళ్లతోనే మొదలు కాలేదు. బి-1 వీసాల వాడకంపై అమెరికా ప్రభుత్వం పెట్టిన కేసులో ఇన్ఫోసిస్ 2013 అక్టోబర్‌లో 34 మిలియన్ డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది. తప్పు చేశామని మాత్రం ఆ కంపెనీ ఒప్పుకోలేదు. క్లయింట్ ఆఫీసులో కూర్చుని ప్రాజెక్ట్ గురించి మాట్లాడటం మీటింగ్ అవుతుంది. అదే టేబుల్ దగ్గర కోడింగ్ మొదలుపెడితే అది పని అవుతుంది. ఈ తేడా ఎంత ఖరీదైనదో ఆ కేసు చూపించింది.

ఎకానమీకి లెక్క ఎలా తేలుతుంది?

బిజినెస్ ట్రావెల్ చిన్న మార్కెట్ కాదు. 2025లో ప్రపంచవ్యాప్తంగా దీనిపై ఖర్చు సుమారు 1.57 లక్షల కోట్ల డాలర్లు ఉంటుందని గ్లోబల్ బిజినెస్ ట్రావెల్ అసోసియేషన్ అంచనా వేసింది. ఇందులో విమానాలు, హోటళ్లు, క్యాబ్‌లు, క్యాటరింగ్, ఎగ్జిబిషన్ హాళ్లు అన్నీ ఉన్నాయి. ట్రిప్ క్యాన్సిల్ అయితే మొదటి దెబ్బ పడేది వీళ్ల మీదే.

రెండో దెబ్బ పెద్దది. వెంటనే కంటికి కనిపించదు. ఆ ట్రిప్‌లో కుదరాల్సిన డీల్ కుదరదు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికా వీసా తనిఖీలను బాగా బిగించింది. వీసా ఆలస్యాల వల్ల 2002 జులై నుంచి 2004 మార్చి మధ్య అమెరికా కంపెనీలకు దాదాపు 30 బిలియన్ డాలర్ల నష్టం వచ్చిందని అక్కడి వాణిజ్య సంఘాలు చేయించిన సర్వే అంచనా వేసింది. కొనడానికి రావాల్సిన విదేశీ కస్టమర్ రాలేకపోయాడు. ట్రైనింగ్‌కు రావాల్సిన ఇంజనీర్ ఆగిపోయాడు. రూల్ పెట్టింది బయటివాళ్లకు, బిల్లు కట్టింది మాత్రం అమెరికా కంపెనీలు.

2025లోనూ అలాంటి సంకేతాలే వచ్చాయి. 2024లో 181 బిలియన్ డాలర్లుగా ఉన్న విదేశీ విజిటర్ల ఖర్చు 2025లో 169 బిలియన్లలోపుకు పడిపోతుందని వరల్డ్ ట్రావెల్ అండ్ టూరిజం కౌన్సిల్ మే నెలలో అంచనా వేసింది. తాము పరిశీలించిన 184 ఎకానమీల్లో ఈ ఖర్చు తగ్గేది అమెరికాలో మాత్రమేనని కూడా చెప్పింది. దీనికి వీసాలే కారణం అనుకోవడం సరికాదు. టారిఫ్ గొడవలు, కెనడా వాళ్ల కోపం కూడా ఇందులో ఉన్నాయి. కానీ వెళ్లాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లను ఆపేయడానికి కఠినమైన రూల్ ఒక్కటి చాలు.

వీడియో కాల్ సరిపోదా?

కరోనా టైమ్‌లో మీటింగులన్నీ ఆన్‌లైన్‌లోనే జరిగాయి కదా అనిపించొచ్చు. తెలిసిన క్లయింట్‌తో వారం వారం రివ్యూకు వీడియో కాల్ సరిపోతుంది. కొత్త కస్టమర్‌ను నమ్మించాలన్నా, ఫ్యాక్టరీ లైన్ చూడాలన్నా, శాంపిల్ చేత్తో పట్టుకుని చూపించాలన్నా వెళ్లక తప్పదు.

దీనిపై హార్వర్డ్ గ్రోత్ ల్యాబ్ పరిశోధకులు 2020లో ఆసక్తికరమైన స్టడీ ఇచ్చారు. మాస్టర్‌కార్డ్ కార్పొరేట్ కార్డుల డేటా ఆధారంగా ఏ దేశం నుంచి ఏ దేశానికి బిజినెస్ ట్రిప్‌లు వెళ్తున్నాయో చూశారు. ఏదైనా రంగంలో ముందున్న దేశం నుంచి ఎక్కువమంది వచ్చి వెళ్లిన చోట ఆ రంగం పెరుగుతోందని గుర్తించారు. బిజినెస్ ట్రావెల్ పూర్తిగా, శాశ్వతంగా ఆగిపోతే ప్రపంచ జీడీపీ 17 శాతం తగ్గుతుందని లెక్కగట్టారు. అంటే ట్రిప్‌కు వెళ్లే మనిషి సూట్‌కేస్‌తో పాటు పని తెలివిని కూడా మోసుకెళ్తాడన్నమాట.

దెబ్బ ఎక్కువ చిన్న కంపెనీలకే

పెద్ద కంపెనీకి అమెరికాలో ఆఫీసు ఉంటుంది. ఇక్కడి నుంచి వెళ్లలేకపోతే అక్కడి ఉద్యోగినే మీటింగ్‌కు పంపుతుంది. వీసా లాయర్లు ఉంటారు. పదేళ్ల వీసా ఉన్నవాళ్లు పదుల సంఖ్యలో దొరుకుతారు.

చిన్న ఎగుమతిదారుకు ఇవేవీ ఉండవు. ఓనరే సేల్స్‌మన్, ఓనరే ట్రావెలర్. ఉదాహరణకు ఇండియా రొయ్యలకు అతిపెద్ద మార్కెట్ అమెరికా. ఆ రొయ్యల్లో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్ చెరువుల నుంచే వెళ్తాయి. సీఫుడ్ కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఒకేచోట కలిసే ఎగ్జిబిషన్ ఏటా మార్చిలో బోస్టన్‌లో జరుగుతుంది. యూరప్ వాళ్ల కోసం బార్సిలోనాలో ఇంకొకటి ఉంటుంది. భీమవరం నుంచి వెళ్లాల్సిన చిన్న ప్రాసెసర్‌కు వీసా రాకపోతే స్టాల్‌కు కట్టిన డబ్బు పోతుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ ఏడాది కొత్త బయ్యర్‌ను కలిసే ఛాన్స్ పోతుంది. టారిఫ్‌ల దెబ్బకు వేరే దేశాల్లో మార్కెట్ వెతుక్కోవాల్సిన టైమ్‌లో ఇది ఇంకా కష్టం. ఆ నష్టం చివరకు ప్లాంట్‌లో పనిచేసే మహిళా కూలీల దాకా, చెరువు రైతు దాకా వస్తుంది.

యూరప్ ఒక చేత్తో బిగించి.. ఇంకో చేత్తో వదిలింది

షెంగెన్ వీసా ఫీజు 2024 జూన్ 11 నుంచి 80 యూరోల నుంచి 90 యూరోలకు పెరిగింది. 2025 అక్టోబర్ 12న ఎంట్రీ ఎగ్జిట్ సిస్టమ్ మొదలైంది. పాస్‌పోర్ట్‌పై స్టాంపు బదులు వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదన్న రూల్‌ను ఇక కంప్యూటరే లెక్కగడుతుంది. నెలకోసారి యూరప్ వెళ్లివచ్చే సేల్స్ టీమ్‌లు రోజుల లెక్క పక్కాగా రాసుకోవాల్సిందే.

అదే యూరప్ 2024 ఏప్రిల్‌లో ఇండియన్లకు ఒక వెసులుబాటు ఇచ్చింది. మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు తీసుకుని సక్రమంగా వాడుకున్నవాళ్లకు రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా ఇవ్వొచ్చు. ఆ తర్వాత ఐదేళ్లది. రూల్స్ పాటించినవాళ్లకు లైన్ క్లియర్, కొత్తవాళ్లకు చెకింగ్.. ఇదీ లెక్క.

బ్రిటన్‌ది ఇంకో దారి. 2025 జులై 24న ఇండియా, బ్రిటన్ వాణిజ్య ఒప్పందంపై సంతకాలు చేశాయి. తాత్కాలికంగా అక్కడికి వెళ్లే ఇండియన్ ఉద్యోగులు మూడేళ్ల వరకు బ్రిటన్ సోషల్ సెక్యూరిటీ కట్టక్కర్లేకుండా వేరే ఒప్పందం కూడా దీనితో పాటు కుదిరింది. మనుషుల రాకపోకలను కూడా వాణిజ్య చర్చల్లో భాగం చేస్తే ఏం సాధించొచ్చో ఇది చూపిస్తోంది.

చైనా అయితే ఏకంగా తలుపులు తెరిచింది. 2023 డిసెంబర్ నుంచి ఫ్రాన్స్, జర్మనీ లాంటి దేశాలవాళ్లు వీసా లేకుండానే బిజినెస్ పనిమీద రావొచ్చంది. మొదట 15 రోజులు ఇచ్చి, తర్వాత 30 రోజులకు పెంచింది. ఈ లిస్టులో ఇండియా లేదు.

మరి ఇండియా సంగతేంటి?

ఇండియా కూడా రూల్స్ బిగించి, ఇబ్బంది పడి, మళ్లీ సడలించిన సందర్భాలు ఉన్నాయి. 2009లో బిజినెస్ వీసాలపై వచ్చి ప్రాజెక్ట్ సైట్లలో పనిచేస్తున్న విదేశీయులు వెనక్కి వెళ్లి ఎంప్లాయ్‌మెంట్ వీసాతో రావాలని కేంద్రం చెప్పింది. వీళ్లలో ఎక్కువమంది చైనా వాళ్లే. ఆ తర్వాత 2010లో పవర్, స్టీల్ రంగాల కోసం ప్రత్యేకంగా 'ప్రాజెక్ట్ వీసా' తెచ్చింది.

2020 గల్వాన్ ఘర్షణ తర్వాత చైనా వాళ్ల వీసాలు మళ్లీ కఠినమయ్యాయి. భద్రత కోణంలో దానికి కారణం ఉంది. కానీ ఫోన్లు, ఎలక్ట్రానిక్స్ తయారు చేసే కంపెనీలకు మెషిన్లు చైనావి. వాటిని సెట్ చేసేవాళ్లూ చైనా వాళ్లే. టెక్నీషియన్లు రాక లైన్లు ఆలస్యమవుతున్నాయని పరిశ్రమ మొత్తుకోవడంతో, పీఎల్‌ఐ ప్రాజెక్టులకు వచ్చేవాళ్ల వీసాల ప్రక్రియను 2024లో కేంద్రం సులభం చేసింది.

ఒక ఫ్యాక్టరీకి విదేశీ టెక్నీషియన్ ఎందుకు కావాలో శ్రీసత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర ఎర్రమంచి వాళ్లను అడిగితే చెప్తారు. కియా ప్లాంట్ పనులు మొదలైనప్పుడు కొరియా ఇంజనీర్లు వచ్చి అక్కడే ఉన్నారు. వాళ్ల కోసం కొరియన్ హోటళ్లు కూడా వెలిశాయి. 2017లో ఒప్పందం కుదిరితే 2019లో కార్లు బయటకొచ్చాయి. ఆ ఇంజనీర్లకు వీసా దగ్గరే ఏడాది ఆలస్యమై ఉంటే స్థానిక కుర్రాళ్ల ఉద్యోగాలు కూడా ఏడాది ఆలస్యమయ్యేవి.

అసలు రూల్స్ ఎందుకు బిగిస్తారు?

ప్రభుత్వాల వైపు నుంచీ కారణాలు ఉన్నాయి. గడువు దాటినా వెనక్కి వెళ్లనివాళ్లు ఉంటారు. బిజినెస్ వీసా పేరుతో వచ్చి తక్కువ జీతానికి పనిచేస్తే స్థానికుల ఉద్యోగాలు పోతాయి. భద్రత తనిఖీ లేకుండా ఎవరినీ రానివ్వలేరు. ఇవన్నీ నిజమైన సమస్యలే.

కాబట్టి చెకింగ్ ఉండాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. చెకింగ్ ఎంత త్వరగా పూర్తవుతుంది, రూల్ ఎంత స్పష్టంగా ఉంది అన్నదే ప్రశ్న. పది రోజుల్లో 'నో' అని చెప్తే కంపెనీ ఇంకో మనిషిని పంపుకుంటుంది. పది నెలలు ఏ మాటా చెప్పకపోతే ఆర్డర్ వేరే దేశం పాలవుతుంది.

ట్రిప్ ప్లాన్ చేసేవాళ్లు ఏం చూసుకోవాలి?

1. మీటింగ్ డేట్ వచ్చాక కాదు, ముందే వీసా పని మొదలుపెట్టండి. షెంగెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి.

2. అమెరికా బి1/బి2 గడువు ముగియబోతుంటే రెన్యూవల్ వాయిదా వేయకండి. 12 నెలలు దాటితే మినహాయింపు పోయి ఇంటర్వ్యూ క్యూలో నిలబడాలి.

3. ఒక్కరి వీసా మీదే కంపెనీ ఆధారపడకూడదు. కనీసం ఇద్దరికి వీసా సిద్ధంగా ఉంచుకోవడం మంచిది.

4. ఇన్విటేషన్ లెటర్‌లో ఏ పనికి వెళ్తున్నారో కచ్చితంగా రాయించండి. మెషిన్ బిగించడానికైతే కొనుగోలు ఒప్పందం కాపీ వెంట ఉండాలి. జీతం ఇండియాలోనే ఇస్తున్నట్లు ఆధారం ఉంచుకోండి.

5. వీసా ఉన్నంత మాత్రాన ఎంట్రీ గ్యారంటీ కాదు. ఎన్ని రోజులు ఉండొచ్చో ఎయిర్‌పోర్టులో అధికారి నిర్ణయిస్తారు. ఆ తేదీ ఒకసారి సరిచూసుకోండి.

6. ఇంటర్వ్యూలో ఒకటి, ఎయిర్‌పోర్టులో ఇంకొకటి చెప్పొద్దు. ఫోన్‌లో, మెయిల్‌లో ఉన్న విషయానికి, నోటితో చెప్పేదానికి తేడా ఉంటే అనుమానం అక్కడే మొదలవుతుంది.

7. రూల్స్ తరచూ మారుతున్నాయి. టికెట్ కొనేముందు ఆయా దేశాల ఎంబసీ అధికారిక వెబ్‌సైట్ చూడండి. ఏజెంట్ మాటో, వాట్సాప్ ఫార్వర్డో నమ్మి డబ్బు కట్టొద్దు.

వీసా ఫీజు ఎంత పెరిగినా కంపెనీలు ఎలాగోలా కట్టేస్తాయి. పోయిన సీజన్‌ను మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేరు. జార్జియా ఫ్యాక్టరీ ఆగినా, భీమవరం వ్యాపారి బోస్టన్ స్టాల్ ఖాళీగా మిగిలినా కారణం ఒకటే.. సరుకుకు, పెట్టుబడికి తెరిచిన తలుపు మనిషి దగ్గరకు వచ్చేసరికి సగమే తెరుచుకుంటోంది.